‘అచ్చం నిజమైన చీకటి’ అని అమ్ముతున్న స్పేస్ గేమ్ కొనేముందు ఇది చదవండి

అంతరిక్షంలో ఉండే అసలైన వెలుగునీడలు చూపిస్తామన్న మాట నమ్మి ఈమధ్య ఒక స్పేస్ గేమ్ కొన్నాను. పేరు చెప్పను. ఇదే మాటతో అమ్ముడవుతున్నవి ఇంకా ఉన్నాయి, ఏది కొనేవాళ్లకైనా ఈ హెచ్చరిక పనికొస్తుంది.

ముందు డబ్బు సంగతి. ట్రైలర్ మొత్తం గ్రహాల పగటి వైపే తీశారు. ఆటలో ట్యుటోరియల్ కూడా స్టేషన్ లోపల, ధగధగలాడే లైట్ల మధ్యే నడుస్తుంది. నింపాదిగా ఆడితే దానికే రెండు గంటలు పడుతుంది. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో రీఫండ్ కావాలంటే కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడింది 2 గంటలు దాటకూడదు. అంటే అసలు చీకటి మొదలయ్యేసరికి మీ గడువు అయిపోతుంది. కావాలనే చేశారని నేననను గానీ, వాళ్లకు మాత్రం భలే కలిసొచ్చింది.

ఇక చీకటి. మొదటి మిషన్‌లోనే గ్రహం రాత్రి వైపు దిగాలి. తెరంతా నలుపు. ల్యాండింగ్ ప్యాడ్ ఏదో కొండ ఏదో తెలియదు, ఎత్తు చూపించే అంకె ఒక్కటే తగ్గుతూ ఉంటుంది. హెడ్‌లైట్ వేస్తే నేలమీద గుండ్రంగా ఒక తెల్లటి మచ్చ పడుతుంది, దాని అంచు దాటితే మళ్లీ ఏమీ లేదు. విసుగొచ్చి కాక్‌పిట్ ప్యానెళ్ల వెలుగు తగ్గించి చూశాను. బయట నేల కనిపించడం మొదలైంది! తెరమీద వెలుగెంతుందో చూసి బొమ్మ ప్రకాశాన్ని తనంతట తానే సర్దే ఆటో ఎక్స్‌పోజర్ ఆ ప్యానెళ్ల వెలుగును కూడా లెక్కలోకి తీసుకుని, బయటున్నదాన్ని ఇంకా నల్లగా చేసేస్తోందన్నమాట.

సపోర్ట్‌కి రాస్తే ‘అంతరిక్షం చీకటిగానే ఉంటుంది కదా’ అన్నారు. ఇక్కడే నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ ఆటలో నెప్ట్యూన్ పగటి వైపు కూడా దాదాపు నలుపే. నెప్ట్యూన్ సూర్యుడికి మనకన్నా 30 రెట్లు దూరం, కాబట్టి అక్కడ ఎండ మన ఎండలో సుమారు 900వ వంతు. వినడానికి చాలా తక్కువ అనిపిస్తుంది గానీ, అది పౌర్ణమి వెన్నెల కంటే వందల రెట్లు ఎక్కువ. లైటు వేసిన గదిలో ఉన్నంత వెలుగు. హాయిగా పుస్తకం చదువుకోవచ్చు.

నీడలదీ అదే తప్పు. గాలి లేదు కాబట్టి నీడలో ఏమీ కనిపించదని వాళ్ల వాదన. 1969లో చంద్రుడి మీద దిగిన నౌక ల్యూనార్ మాడ్యూల్ నీడలోనే ఆల్డ్రిన్ నిచ్చెన దిగుతుంటే ఆర్మ్‌స్ట్రాంగ్ తీసిన ఫొటో చూడండి, మనిషి స్పష్టంగా కనిపిస్తాడు. ఎండ పడిన చంద్రుడి నేల నుంచి తిరిగొచ్చే వెలుగు అది. ఆ తిరిగొచ్చే వెలుగును లెక్కకట్టడం కష్టం, గ్రాఫిక్స్ కార్డుకీ భారమే. దాన్ని వదిలేసి, మిగిలిన నలుపుకి ‘వాస్తవికత’ అని పేరు పెట్టారు.

చీకటి భాగాలను తేటపరిచే గామా సెట్టింగ్ పెంచుకోమని కూడా సలహా ఇచ్చారు. పెంచితే ఆకాశం బూడిద రంగుకి తిరిగి, దానిమీద మెట్లుమెట్లుగా చారలు పడతాయి. 8 బిట్ తెర ఒక్కో రంగుకి చూపించేది 256 స్థాయిలే, వాటిలో చీకటి భాగానికి దక్కేవి కొన్నే. వాటిని సాగదీస్తే అంతే మరి. నల్లగా ఉండాల్సినచోట వెలుగే ఆర్పేసే ఓఎల్ఈడీ తెరమీద ఆడితే నలుపు చక్కగా వస్తుంది గానీ, నేల కనిపించకపోవడం మాత్రం అలాగే ఉంటుంది.

చీకటి వద్దని కాదు. రాత్రి వైపు చీకటిగా ఉండాల్సిందే, కాకపోతే చూసే దారి ఉండాలి. ఎలైట్ డేంజరస్ అనే మరో స్పేస్ గేమ్‌లో 2018 చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో నైట్ విజన్ పెట్టారు. ఒక్క బటన్ నొక్కితే నేల ఆకారం తెలుస్తుంది, ఇష్టంలేనివాళ్లు ఆపుకోవచ్చు.

కాబట్టి ఇలాంటి గేమ్ కొనేముందు, ఎడిటింగ్ లేకుండా ఎవరైనా రాత్రి వైపు ల్యాండింగ్ చేసిన వీడియో వెతకండి. దొరక్కపోతే ఆగండి. కొనేశారా, ట్యుటోరియల్ స్కిప్ చేసి నేరుగా చీకట్లోకి వెళ్లి చూడండి. లాంచర్‌లోనో మెనూలోనో ఆట తెరిచిపెట్టి వేరే పని చూసుకోకండి, ఆ సమయం కూడా రెండు గంటల్లోకే వస్తుంది.