మైనస్ 1000 వోల్టులకు ఫ్లైబ్యాకా, కాక్‌క్రాఫ్ట్–వాల్టన్ గుణకమా?

మసక వెలుతురును విద్యుత్ సిగ్నల్‌గా మార్చి పెంచే ఫొటోమల్టిప్లయర్ ట్యూబులో, సిగ్నల్ బయటికొచ్చే ఆనోడును గ్రౌండ్ వద్ద ఉంచి సిగ్నల్‌ను నేరుగా తీసుకోవాలంటే వెలుతురు పడే క్యాథోడుకు దాదాపు మైనస్ 1000 వోల్టులు అందించాలి. 12 వోల్టుల డీసీ నుంచి దాన్ని రాబట్టడానికి ఫ్లైబ్యాక్‌లో (స్విచ్ ఆగినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌లో నిల్వైన శక్తిని అవుట్‌పుట్‌కు వదిలే సర్క్యూట్‌లో) సెకండరీ చుట్టను, దాని డయోడును రెండింటినీ తిప్పి కలిపితే చాలు గానీ, ఆ ఒక్క డయోడే వెయ్యి వోల్టులకు మించి తట్టుకోవాలి.

డయోడులు, కెపాసిటర్లతో ఏసీని అంచెలంచెలుగా పెంచి డీసీగా మార్చే కాక్‌క్రాఫ్ట్–వాల్టన్ పద్ధతిలో, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 100 వోల్టుల పీక్ గల ఏసీని, డయోడులన్నీ తిరగేసిన అయిదు అంచెలకు ఇస్తే, ఏ భాగం మీదా 200 వోల్టులకు మించి పడదు. అయితే లోడు కింద వోల్టేజి కుంగుతుంది. అంచెలు రెట్టింపైతే ఆ కుంగుబాటు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది.

మైక్రోఆంపియర్లతో సరిపెట్టుకునే ఈ ట్యూబుకు రెండోదే మేలు; అంచెలను డైనోడులకు (ట్యూబులో ఎలక్ట్రాన్లను పెంచుకుంటూ పోయే ఎలక్ట్రోడులకు) తగ్గట్టు అమర్చితే, వాటికి వోల్టేజి పంచే, వేడెక్కే రెసిస్టర్ల గొలుసు అక్కర్లేదు. మిల్లీఆంపియర్లు కావాలంటే మాత్రం ఫ్లైబ్యాకే.