జాకెట్లకు బదులు సంగీతం చెబుతామంటే నమ్మకండి

పేరు రాయను. మన వీధిలో గాత్రం నేర్పే టీచరు గారంటే ఎవరో మీకు తెలుసు, మీలో సగం మంది పిల్లలు అక్కడికే వెళ్తున్నారు. రాత్రంతా నిద్ర లేదు, అందుకే తెల్లవారగానే రాస్తున్నాను.

ఫీజు నెలకు 2,000, ఎనిమిది క్లాసులు. అంత కట్టలేనన్నాను. "డబ్బెందుకండీ, నాకు మగ్గం వర్క్ జాకెట్లు కుట్టిపెట్టండి, మీ అమ్మాయికి పాఠం చెబుతాను, చెల్లుకు చెల్లు" అన్నది ఆవిడే. పొంగిపోయాను. ఆవిడ కొలతలు అర అంగుళంతో సహా పుస్తకంలోకి ఎక్కించాను గానీ, ఈ మాట మాత్రం ఎక్కడా రాసుకోలేదు. ఏం తెలివో నాది!

ఏడు నెలల్లో మగ్గం జాకెట్లు నాలుగు, లైనింగ్ జాకెట్లు ఆరు, తొమ్మిది చీరలకు ఫాల్, పీకో. బయటివాళ్లకైతే 18,500 తీసుకునేదాన్ని. జర్దోసీ, పూసలు కూడా నా డబ్బే. 56 క్లాసులు జరగాలి, క్యాలెండరులో గుర్తు పెట్టినవి 31. అంటే 7,750 రూపాయల పాఠం. కచేరీ అని, చుట్టాలని, గొంతు బాగాలేదని మిగతావి ఎగిరిపోయాయి. ఫీజు కట్టే పిల్లలను మాత్రం ఆదివారాలు పిలిచి ఆ పాఠం మళ్ళీ చెప్పేవారట! రోజూ పొద్దున్నే శ్రుతి పెట్టుకుని సాధన చేసే పిల్ల, మొట్టమొదటి పాఠాలైన సరళీ వరుసలు దాటి, వాటి వెనకే వచ్చే జంట వరుసల దగ్గర ఆగిపోయింది.

ఇదంతా మింగేదాన్నే. నిన్న గుడిలో త్యాగరాజ ఆరాధన. పిల్లలంతా కలిసి దివ్యనామ కీర్తన పాడాలి. మా అమ్మాయి కొత్త పరికిణీ సర్దుకుని రెండో వరుసలో కూర్చుంది. టీచరు గారు మైకు పక్కకు వచ్చి, "నువ్వు లేచి వెనక్కు వెళ్లమ్మా, ఫీజు కట్టే పిల్లలు ముందుండాలి" అన్నారు. మైకు పనిచేస్తూనే ఉంది. గుడంతా వినిపించింది. పిల్ల నా వైపు ఒకసారి చూసి, పరికిణీ కుచ్చిళ్లు పట్టుకుని లేచింది.

ఆవిడ అటు తిరిగారు. వీపు మీద నేను రెండు రాత్రులు కూర్చుని కుట్టిన వీణ. దాని కుండకు అద్దిన ఎర్ర పూసలు బేగంబజారులో ఏరి ఏరి తెచ్చినవి. లైట్లకు భలే మెరిశాయి లెండి.

తర్వాత అడిగితే, "మీరు ఫ్రీగా వస్తున్నా నేనెప్పుడైనా ఏమైనా అన్నానా?" అన్నారు. ఫ్రీ అట! వరాళి రాగం నేర్పితే గురుశిష్యులకు చెడుతుందని పాతవాళ్ల నమ్మకం. మాకు అంత దూరం పోనవసరం లేకపోయింది, జంట వరుసలకే చెడింది.

మీలో ఎవరైనా ట్యూషనుకో, వంటకో, కుట్టుకో బదులుగా పాఠాలు ఒప్పుకుంటే, ఎంత పనికి ఎన్ని క్లాసులో ముందే కాగితం మీద పెట్టించుకోండి. నెల తిరగగానే లెక్క చూసుకోండి.

అన్నట్టు, ఐదో మగ్గం జాకెట్టు ఇంకా నా దగ్గరే ఉంది, హుక్కులు కుట్టలేదు. తీసుకెళ్లడానికి మనిషిని పంపుతానని ఇందాక ఫోను చేశారు. పంపమన్నాను, చేతికి 3,500 ఇచ్చి.