ప్లూరోనిక్ ఎఫ్127: ఉప్పునీళ్లలోనూ నిలబడింది

కాకినాడలో ఎమ్మెస్సీ పిల్లల చేత మాగ్నటైట్ నానో పార్టికల్స్ (అయస్కాంతానికి అంటుకునే అతి సన్నటి ఐరన్ ఆక్సైడ్ రేణువులు) చేయిస్తుంటాను, ఆ పనికి తెప్పించిన పాలిమర్ సర్ఫాక్టెంట్ ఇది, అంటే నూనెనీ నీళ్లనీ కలిపి పట్టుకునే సబ్బులాంటి పదార్థం, తెల్లటి పలుకుల్లా ఉంటుంది. ప్రాజెక్టులు చేసేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

ఫెర్రస్, ఫెర్రిక్ అనే రెండు రకాల ఇనుము లవణాలు 1:2 లెక్కన తీసుకుని నైట్రోజన్ పోనిస్తూ అమ్మోనియా పోస్తే వెంటనే నల్లగా అయిపోతుంది కదా, అందులో ఓలియిక్ యాసిడ్ వేసి 80 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచుతాం. దాంతో రేణువులకి నూనె పూత పడుతుంది కానీ ఇక నీళ్లలో కలవమంటే కలవవు, ముద్దలు కట్టి బీకరు గోడకి అంటుకుపోతాయి. ఎఫ్127 పని ఇక్కడే మొదలవుతుంది. దాని అణువులో మధ్యన నీళ్లంటే పడని పాలీప్రొపిలీన్ ఆక్సైడ్, రెండు చివర్లా నీళ్లని ఇష్టపడే పాలీఇథిలీన్ ఆక్సైడ్ ఉంటాయి, మధ్య ముక్క నూనె పూతని పట్టుకుంటే చివరలు తోకల్లా బయటికి చాచుకుని పక్క రేణువుని దగ్గరికి రానివ్వవు.

నాకు బాగా నచ్చింది ఉప్పు దగ్గర. కోరంగి వైపు నుంచి ఏటి ఉప్పునీళ్లు తెచ్చి వడకట్టి కలిపితే ఏ పూతా లేని రేణువులు కాసేపటికే అడుక్కి దిగిపోయాయి, ఎఫ్127వి మాత్రం సీసా అంతా నల్లగా అలాగే నిలబడ్డాయి! పూత లేనివాటిని విడిగా ఉంచేది వాటి మీది విద్యుత్ ఛార్జే, ఉప్పు దాని బలం తగ్గించేస్తుంది; ఎఫ్127వాటి నిలకడ ఛార్జ్ మీద ఆధారపడదు కాబట్టే అలా. మందుల పరిశోధన వైపు వెళ్లాలనుకునే పిల్లలకి ఇది చాలా పెద్ద విషయం, మన రక్తం కూడా ఉప్పగా ఉండేదే.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, దీన్ని చల్లటి నీళ్లలోనే కరిగించాలి, వేడి చేస్తే తొందరగా కరుగుతుందనుకుంటారు గానీ ఇది తిరకాసు సరుకు. 20 శాతం ద్రావణం ఫ్రిజ్‌లో నీళ్లలా ఉంటుంది, మన మే నెల ఎండకి బల్ల మీద పెడితే జెల్ అయి కూర్చుంటుంది. కలియబెడితే నురగ కూడా ఎక్కువే.

రేణువులతో అద్దకం రంగునీళ్లు శుభ్రం చేసి, తర్వాత వాటిని అయస్కాంతంతో టక్కున లాగేద్దామనుకునేవాళ్లు మాత్రం కొనకండి, ఇంత బాగా విడివడిన సన్నటి రేణువులు అయస్కాంతం దగ్గరికి చాలా నెమ్మదిగా వస్తాయి, కడగడానికే రోజు పోతుంది. మీ పనికి పూత లేని రేణువులే చాలు.

ఇక్కడి కెమికల్ షాపుల్లో అడగ్గానే దొరకదు, ఆర్డర్ పెట్టించాలి. వాడేది కొంచెమే కాబట్టి రెండు మూడు కాలేజీలు కలిసి ఒక డబ్బా తెప్పించుకుంటే సరిపోతుంది.