గడియారం పక్కన ఏముండాలి? ప్లాస్మా సిస్టమ్ ట్రేతో నాలుగేళ్లు

నాది తెలుగు అనువాదం, ప్రూఫ్ రీడింగ్ పని. తెలుగుకూ ఇంగ్లీషుకూ మధ్య రోజుకు వందసార్లయినా కీబోర్డు మారుస్తాను. ఇప్పుడు ఏ భాషలో ఉన్నానో గడియారం పక్కనున్న చిన్న ఐకాన్ చూసే తెలుసుకోవాలి. అందుకే లినక్స్‌లో ఏ డెస్క్‌టాప్ పెట్టినా నా చూపు ముందు ఆ మూలకే, అంటే ఐకాన్లుండే సిస్టమ్ ట్రేకే పోతుంది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ 2017లో 3.26 వెర్షన్‌తో పాత ట్రేని తీసేసింది. అక్కడ ఐకాన్లు కావాలంటే ఎక్స్‌టెన్షన్ (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) ఉండాలి, ఉబుంటు లినక్స్‌లో అయితే అది ముందే ఉంటుంది. నాకు మాత్రం ట్రే డెస్క్‌టాప్‌లోనే భాగంగా ఉండాలనిపించి కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్‌కు మారాను.

ఇందులో ట్రేలోని బాణం గుర్తు మీద రైట్ క్లిక్ చేసి సెట్టింగ్స్ తెరిస్తే ఐకాన్లన్నీ ఒక పట్టీలో కనిపిస్తాయి. ఒక్కోదాన్ని అవసరమైనప్పుడే చూపించాలా, ఎప్పుడూ చూపించాలా, ఎప్పుడూ దాచాలా అన్నది మనమే చెప్పొచ్చు. దాచినవి ఎక్కడికీ పోవు, బాణం నొక్కితే వస్తాయి.

మొదట్లో బార్ శుభ్రంగా ఉండాలని దాదాపు అన్నీ దాచేశాను. వాటిలో ఫైళ్లు సింక్ చేసే ప్రోగ్రాం కూడా ఉంది. ఒకసారి దాని లాగిన్ గడువు అయిపోయి సింక్ ఆగిపోయింది. ఐకాన్ ఎర్రగా మారే ఉంటుంది, కానీ నేను దాచేశాను కదా! పన్నెండు రోజుల తర్వాత ఊళ్లో రెండో ల్యాప్‌టాప్ తెరిస్తే పాత ఫైలే ఉంది. నలభై పేజీల దిద్దుబాట్లు ఆ రాత్రి మళ్లీ చేశాను. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది.

అప్పుడే ట్రే లోపల ఎలా పనిచేస్తుందో చదివాను. ఇప్పటి ప్రోగ్రాములు స్టేటస్ నోటిఫైయర్ ఐటమ్ అనే పద్ధతిలో, డీ-బస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) ద్వారా తమ స్థితిని ట్రేకి చెబుతాయి. పెద్దగా చెప్పేదేమీ లేదు, పనిలో ఉన్నాను, వెంటనే చూడండి అని మూడే స్థితులు. ‘అవసరమైనప్పుడే’ అని పెడితే మొదటి స్థితిలో ఉన్నవి లోపలికి పోతాయి, మిగతావి బయట ఉంటాయి. ‘ఎప్పుడూ దాచు’ అంటే మాత్రం ప్రోగ్రాం ఎంత మొత్తుకున్నా ఐకాన్ బయటికి రాదు. ఇంకో చిక్కు ఏమిటంటే, చాలా ప్రోగ్రాములు పొద్దస్తమానం పనిలో ఉన్నామనే చెబుతాయి. అలాంటివి ‘అవసరమైనప్పుడే’ అన్నా బార్ మీద నుంచి కదలవు.

అందుకని ఇప్పుడు ఒక్కో ఐకాన్‌నూ వారం రోజులు గమనించి గానీ నిర్ణయించను. పాడైతే నాకు నష్టం జరిగేవి, అంటే సింక్, బ్యాటరీ, వీపీఎన్, ఎప్పుడూ బయటే. చాట్ ప్రోగ్రాములకు నోటిఫికేషన్ ఎలాగూ వస్తుంది, అవి లోపలే. క్లిప్‌బోర్డు కూడా లోపలే.

తెలుగు టైపింగుకు ఎఫ్‌సిటిక్స్ 5 అనే ప్రోగ్రాం వాడుతున్నాను, ఎమ్17ఎన్ ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికతో. చిన్న బొమ్మలో భాష గుర్తుపట్టడం కష్టంగా ఉంటే, దాని సెట్టింగ్స్‌లో బొమ్మ బదులు అక్షరాలు చూపించే ఆప్షన్ ఉంది. పెట్టుకున్నాక నా కళ్లకు హాయిగా ఉంది. సైజు చాలకపోతే ప్యానెల్ (అదే ఆ బార్) ఎత్తును బట్టి ఐకాన్లు పెరిగేలా ట్రే సెట్టింగ్స్‌లోనే మార్చుకోవచ్చు.

వైన్‌లో (లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) నడిపే పాత నిఘంటువు ప్రోగ్రాం ఒకటుంది. దాని ఐకాన్ ఎక్స్11 అనే పాత డిస్‌ప్లే వ్యవస్థ కాలపు పద్ధతిది. 2015లో వచ్చిన ప్లాస్మా 5.5 నుంచి అలాంటి వాటిని కొత్త పద్ధతిలోకి మార్చి చూపించే ఏర్పాటు ఉంది. కొంచెం మసకగా కనబడుతుంది గానీ పని జరుగుతోంది. స్పీకర్ ఐకాన్ మీద మౌస్ చక్రం తిప్పితే శబ్దం తగ్గడం, మధ్య బటన్ నొక్కితే మ్యూట్ కావడం రోజూ పనికొస్తాయి.

నా దగ్గరున్న వెర్షన్‌లో ఐకాన్ల వరుసను లాగి మార్చుకునే వీలు లేదు. భాష ఐకాన్ సరిగ్గా గడియారాన్ని ఆనుకుని ఉండాలని నాకు ఎప్పటినుంచో కోరిక. కొత్త వెర్షన్ వేసిన ప్రతిసారీ ముందు ఆ సెట్టింగ్ వచ్చిందేమోనని వెతుకుతాను.