వాట్-ఇఫ్ చాలా, హజాప్ కావాలా?

రాయగడలో ప్లాంట్లలో పనిచేసే తెలుగువాళ్లం టీ కొట్టు దగ్గర కలిస్తే ఈ వాదన తప్పదు. పైపు మళ్లించే ముందు ఏ ప్రమాదం రావచ్చో పసిగట్టడానికి వాట్-ఇఫ్ అనే పద్ధతి సరిపోతుందా, హజాప్ అనే పద్ధతి వాడాలా?

వాట్-ఇఫ్ అంటే నలుగురూ కూర్చుని "కరెంటు పోతే? వాల్వు ఇరుక్కుంటే?" అని అడుక్కోవడం. చిన్న మార్పయితే ఒక పూటలో తేలిపోతుంది, నా ఓటూ దీనికే. కాకపోతే ఎవరికీ తట్టని ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

హజాప్‌లో ప్రశ్న తట్టేదాకా ఆగక్కర్లేదు. ప్లాంటు పైపుల డ్రాయింగును భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగంలో ప్రవాహం ఎక్కువైతే, తక్కువైతే, ఆగిపోతే, వెనక్కి తిరిగితే ఏమవుతుందని వరసగా అడుగుతారు. ప్రెషర్‌కీ, వేడికీ అంతే. పెద్ద ప్లాంటైతే వారాలు పడుతుంది. డ్రాయింగు పాతదైతే (తరచూ పాతదే) శ్రమంతా దండగ.

1974 జూన్ 1న ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరోలో ఒక రసాయన ప్లాంటు పేలుడుకు 28 మంది చనిపోయారు. అంతకుముందు పగులిచ్చిన ఐదో రియాక్టరును తీసేసి, నాలుగుకీ ఆరుకీ మధ్య 20 అంగుళాల తాత్కాలిక పైపు వేశారు. దానికి డ్రాయింగు వర్క్‌షాపు నేల మీద సుద్దతో గీసిందే! అందుకే "టెంపరరీగా వేద్దాం సార్" అని ఎవరైనా అంటే నేను వాట్-ఇఫ్‌తో సరిపెట్టను.