కంటిలో గడ్డ: బి-స్కానా, సీటీనా, ఎమ్మారైనా?

అమలాపురంలోనో రాజోలులోనో కంటి డాక్టరు "లోపల గడ్డలా ఉంది" అనగానే ఇంటివాళ్లు అడిగే మొదటి మాట: "కాకినాడ వెళ్లి ఎమ్మారై తీయించేయమంటారాండీ?" తొందరపడకండి. కంటి విషయంలో ఖరీదైన స్కానే ఎక్కువ చెబుతుందని లేదు.

పెద్దవాళ్లకైతే నా ఓటు బి-స్కాన్‌కే. మూసిన రెప్ప మీద జెల్ రాసి చేసే అల్ట్రాసౌండ్ ఇది. రేడియేషన్ ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. శుక్లమో రక్తమో అడ్డొచ్చి డాక్టరుకు లోపల ఏమీ కనిపించకపోయినా గడ్డ ఆకారం, మందం దీనికి దొరుకుతాయి. మెలనోమా అనే క్యాన్సర్ గడ్డ లోపల నల్లగా, బోలుగా కనిపిస్తుంది. ఒక్కోసారి పుట్టగొడుగులా పైకి లేస్తుంది కూడా. క్యాన్సర్ కాని రక్తనాళాల గడ్డ హిమాంజియోమా లోపలంతా తెల్లగా మెరుస్తుంది. కాకపోతే ఫలితం ప్రోబ్ పట్టుకున్న చేతిని బట్టి ఉంటుంది.

కంటి లోపలి పుట్టుమచ్చ దగ్గరే అసలు చిక్కు. మందం 2 మిల్లీమీటర్లు దాటినా, ఓసీటీ అనే కాంతి స్కాన్‌లో రెటీనా (కంటి వెనక పొర) కింద నీరు కనిపించినా, మచ్చ మీద నారింజ రంగు పొడలున్నా అనుమానించాలి. పలచని మచ్చకు ఎమ్మారై కొత్తగా చెప్పేది తక్కువ. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కంటి లోపల మచ్చను తీసిన పాత ఫొటో: కొన్ని నెలల తర్వాత పక్కన పెట్టి చూస్తే పెరిగిందో లేదో తేలుతుంది. అందుకే ఆ ఫొటో అడిగి తీసుకోండి.

చిన్నపిల్లల లెక్క వేరు. ఫ్లాష్ ఫొటోలో కంటిపాప తెల్లగా మెరిస్తే రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ భయం ఉంటుంది. ఎక్కువగా ఐదేళ్లలోపే వస్తుంది. ఈ గడ్డలో సున్నపు రేణువులుంటాయి. చూడటానికి దాదాపు ఇలాగే ఉండే, క్యాన్సర్ కాని కోట్స్ జబ్బులో మామూలుగా ఉండవు. సున్నాన్ని సీటీ బాగా పట్టిస్తుంది, నిజమే. కానీ బి-స్కాన్‌లోనూ అది కనిపిస్తుంది. ఈ జబ్బు వంశపారంపర్యంగా వచ్చిన బిడ్డకు సీటీలో ఉండే రేడియేషన్ తగిలితే ముందుముందు మరో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. కాబట్టి సీటీ వద్దు. గడ్డ కంటి నరంలోకి, మెదడు వైపుకు పాకిందా అని చూడటానికి మాత్రం ఎమ్మారైకి సాటి లేదు; మత్తు ఇవ్వాల్సి రావొచ్చు, అంతే. సూది పొడిచి ముక్క తీస్తే క్యాన్సర్ కణాలు బయటికి పాకుతాయన్న భయంతో ఈ జబ్బుకు బయాప్సీ చేయరు. నిర్ణయమంతా కంటి పరీక్ష మీదా ఈ బొమ్మల మీదే.

ఇప్పటికే సీటీ తీయించేసి ఉంటే కంగారు పడకండి. మళ్లీ తీయించకుండా ఆ సీడీ పట్టుకుని నేరుగా కంటి క్యాన్సర్ విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ లాంటి చోటికి.