నెల్లూరులో పెద్ద హోటల్ బుక్ చేసే ముందు పంచాంగం చూడండి

రేటింగులు, ఫోటోలు తర్వాత. ముందు మీరు వెళ్లే రోజున పెళ్లి ముహూర్తం ఉందో లేదో చూసుకోండి. మన ఊళ్లలో ఈ ఎత్తైన గాజు హోటళ్లు పేరుకే బిజినెస్ హోటళ్లు, వాటిని నడిపేది మాత్రం పెళ్లిళ్లే. కింద రెండు మూడు అంతస్తుల్లో ఫంక్షన్ హాళ్లు, ఆ పైన గదులు, రెండింటికీ కలిపి అవే లిఫ్టులు. ఆషాఢంలోనో, భాద్రపదంలోనో, పుష్యంలోనో వెళ్తే అదే హోటల్ ప్రశాంతంగా ఉంటుంది, హాలు రేటు కూడా బేరానికి వస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో అయితే బేరం సంగతి దేవుడెరుగు, ముందు లిఫ్ట్ దొరకాలి.

మాది రొయ్యల గుంటల్లో తిరుగుతూ నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల వ్యాపారం. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు డీలర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టాలంటే నెల్లూరే అనుకూలం. విజయవాడ నుంచి రైలు దిగితే సరిపోతుంది, కృష్ణపట్నం పోర్టు పాతిక ముప్పై కిలోమీటర్లు, ఎయిర్‌పోర్టు మాత్రం ఊళ్లో లేదు కాబట్టి విమానంలో వచ్చేవాళ్లు చెన్నైలోనో రేణిగుంటలోనో దిగి కారెక్కాల్సిందే. ఈసారి మీటింగు ఫాల్గుణంలో పడింది. హెడ్డాఫీసు వాళ్లకు ఆర్థిక సంవత్సరం తెలుసు గానీ ముహూర్తాలు ఎక్కడ తెలుసు?

సాయంత్రం చెక్ ఇన్ అయ్యేసరికి లాబీ నిండా పట్టుచీరలు. లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే లోపల ఒకాయన అరటి గెల భుజాన పెట్టుకుని నిలబడ్డాడు, ఆయన పక్కన వీడియో కుర్రాళ్లు లైట్ స్టాండ్లతో, వాళ్ల మధ్యలో వెండి కంచాల బుట్ట పట్టుకుని ఒక పెద్దావిడ. నా సూట్‌కేసు చూసి ఆవిడ జాలిగా, ‘తర్వాత లిఫ్ట్‌లో రా నాయనా’ అంది. ఆ తర్వాతది కూడా నిండే వచ్చింది. కార్డు చూపిస్తే తప్ప గదుల అంతస్తులకు వెళ్లని లిఫ్ట్ అది, అంటే సెక్యూరిటీ బాగానే ఉంది, కానీ కార్డున్న మనమూ ఎక్కలేకపోతే ఆ సెక్యూరిటీని ఏం చేసుకోవాలి. గెస్టులకు విడిగా ఒక లిఫ్ట్ ఉందా అని ఫోన్లోనే అడగండి. స్విమ్మింగ్ పూల్ ఉందా అని అడగడం కంటే ఇది ముఖ్యం.

సరే, మెట్లెక్కుదామని తలుపు తోస్తే ల్యాండింగ్‌లో హాలు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న ప్రతి భవనమూ హైరైజే. 24 మీటర్లు దాటితే, మంటలొచ్చినప్పుడు జనం ఆగడానికి రెఫ్యూజ్ ఏరియా కూడా వదలాలి. అంత పద్ధతిగా కట్టి చివరికి మెట్ల దారిని గోడౌన్ చేశారు. రిసెప్షన్‌లో చెబితే ఆ అమ్మాయి వెంటనే వాకీటాకీలో ఎవరినో పిలిచింది, గంటలో తీసేశారు. మర్నాడు ఉదయం మళ్లీ అక్కడే ఉన్నాయి.

గది మాత్రం బాగుంది, అబద్ధం ఎందుకు. పరుపు గట్టిగా ఉంది, టేబుల్ దగ్గరే ప్లగ్గులున్నాయి, వీడియో కాల్ మధ్యలో వైఫై తెగలేదు. కిటికీలోంచి దూరంగా పెన్న, వంతెన, ఇటు రంగనాయకస్వామి గుడి గాలిగోపురం కనిపిస్తాయి. నాకిచ్చినది పడమటి గది. గోడంతా గాజే కాబట్టి మూడింటి నుంచి ఏసీ ఎంత పెంచినా కిటికీ పక్కన కూర్చోలేం, ఫాల్గుణంలోనే ఇలా ఉంటే రోహిణి కార్తెలో ఆ గదిలో ఉన్నవాడి గతేమిటో. వ్యూ పోయినా పర్వాలేదు, తూర్పు వైపు అడగండి. బాత్రూంకీ గదికీ మధ్య కూడా గాజు గోడే. ట్విన్ షేరింగ్‌లో పడ్డ మా సేల్స్ కుర్రాళ్లిద్దరూ ఒకడు స్నానం చేస్తుంటే ఇంకొకడు కారిడార్లో ఫోన్ మాట్లాడుకుంటూ తిరిగాడు. బ్లైండ్ ఉంది కానీ దాని బటన్ బయటివైపు ఉంది. బకెట్, మగ్గు అడిగితే మొహం చిట్లించకుండా రెండు నిమిషాల్లో తెచ్చిచ్చారు, అందుకు మాత్రం పూర్తి మార్కులు.

హాలు విషయానికొస్తే, వాళ్లు చెప్పే కెపాసిటీ కుర్చీలు వరసగా వేస్తే పట్టే లెక్క. రౌండ్ టేబుళ్లు వేసి, స్టేజీ, స్క్రీను, టీ కౌంటర్ పెట్టేసరికి అందులో దాదాపు సగం మందే పడతారు. ప్లేటుకింత అని మాట్లాడుకుని మినిమమ్ గ్యారంటీ రాయించుకుంటారు, తక్కువ మంది వచ్చినా ఆ డబ్బులు కట్టాల్సిందే. రొయ్య రైతులతో, డీలర్లతో మీటింగంటే ఎంతమంది వస్తారో ఆ పొద్దున గుంటల్లో రొయ్యలు పట్టే పని ఉందా లేదా అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి గ్యారంటీ తక్కువ రాయించి, పైన వచ్చిన ప్లేట్లకు అదే రేటు ఉండేలా చూసుకోండి. బాంక్వెట్ మేనేజర్ ఒప్పుకున్నాడు, నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. ప్రొజెక్టర్, మైకులు లోపం లేకుండా నడిచాయి. పక్క హాల్లో సంగీత్ రిహార్సల్ మొదలయ్యాకే కష్టమొచ్చింది. రెండు హాళ్లకీ మధ్య ఉన్నది మడత గోడ. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాన్ని 50 శాతం చేశాక రొయ్యల కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్కన ఇచ్చే ధర) ఏమయ్యాయో అని మా డీలరు ఒకాయన ఆవేశంగా మాట్లాడుతుంటే, ప్రతి వాక్యానికీ అటువైపు నుంచి డప్పు పడుతోంది. జనం నవ్వు ఆపుకోలేకపోయారు, ఆయనా నవ్వేశాడు.

తిండి. బ్రేక్‌ఫాస్ట్ బఫేలో కారం దోసె పోసేవాడి చెయ్యి అద్భుతం, ఎర్రకారం పల్చగా అంచుల దాకా రాసి, నెయ్యి వేసి, బాగా ఎర్రగా కాలేదాకా పెనం మీదే ఉంచుతాడు. మిగతా కౌంటర్లన్నీ ఏ ఊళ్లోనైనా ఉండేవే. లంచ్‌లో చేపల పులుసు పెట్టారు, మా విడవలూరు డీలరు ఒక ముద్ద తిని ‘ఏందన్నా ఇది, పులుసు ఇట్టా కూడా చేస్తారా’ అన్నాడు. తప్పు వంటవాడిది కాదు. నెల్లూరు పులుసు ముందురోజు కాచి, మామిడికాయ ముక్క ఊరి, చేప ముక్కకి పులుపు పట్టాక తినేది. బఫేలో ఆ పూట చేసి ఆ పూటే మంట మీద పెడతారు. పులుసు కోసమే అయితే ట్రంక్ రోడ్డు వైపు వెళ్లి మెస్సులో తినండి, బొమ్మిడాయిలు దొరికితే అదృష్టం.

ఒక్కరే వెళ్తే ఈ టవర్ అవసరమా అంటే, లేదనే అంటాను. స్టేషన్ దగ్గర మధ్యరకం హోటళ్లలో ఇందులో సగం డబ్బుకి శుభ్రమైన గది దొరుకుతుంది, పొద్దున్నే రైలుంటే అదే నయం. పోర్టు పని ఉన్నవాళ్లకి ముత్తుకూరు రోడ్డు దగ్గరగా ఉండే బస మేలు, ట్రంక్ రోడ్డు ట్రాఫిక్‌లో పడకుండా పోవచ్చు. ఇలాంటి మీటింగులు ఒంగోల్లోనూ పెట్టాం, అక్కడ హాళ్లు చిన్నవి కానీ పార్కింగ్‌కి నెల్లూరులో పడ్డంత అవస్థ లేదు. పదిమందికి మించి గెస్టులు, హాలు, భోజనం అన్నీ ఒకేచోట కావాలంటే మాత్రం నెల్లూరు టవరే, ముహూర్తం లేని రోజు.

బిల్లు దగ్గర రెండు చూసుకోండి. రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ ఛార్జ్ కలిపేశారు. 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ, హోటళ్లు అలా తమంతట తాముగా కలపకూడదంది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. అడగ్గానే వాదించకుండా తీసేశారు. రెండోది జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు గదికి 5 శాతం, దాటితే 18. అయితే హోటల్ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర పన్నే పడుతుంది, కాబట్టి హైదరాబాద్ ఆఫీసు జీఎస్టీ నంబరు మీద నెల్లూరు బిల్లు తీసుకుంటే ఆ పన్ను క్రెడిట్ రాదు, అంటే కంపెనీ కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకోలేం. మా బుకింగ్ హైదరాబాద్ నుంచే జరిగింది, బిల్లూ ఆ నంబరుతోనే వచ్చింది. విజయవాడ నంబరుకి మార్చమంటే సిస్టంలో మార్చే మనిషి తొమ్మిదింటికి గానీ రాడట, చెన్నై నుంచి వచ్చే వందేభారత్ అంతకంటే ముందే. మీ నంబరు రాత్రే చెప్పి, ప్రింటు తీయించి, మీ కళ్లతో చూసి పడుకోండి. మార్చిన బిల్లు మాకు ఇంకా మెయిల్లో రావాలి.